నేరేడు పాకం, మగ్గం ఒట్టు

సుభద్రమ్మ అమరచింత బయల్దేరిన ఆ ఉదయం బాలకిష్టయ్య మగ్గం గుంటలో కూర్చుని మహా బుద్ధిమంతుడిలా, పోగును అటూ ఇటూ నడిపే నాడె ఆడిస్తున్నాడు. గద్వాల నేతగాళ్ల వాడలో ఒక మగమనిషి పొద్దున్నే పిలవకుండా మగ్గమెక్కాడంటే అందులో ఏదో మతలబు ఉందని ఎవరైనా పసిగడతారు. సుభద్రమ్మా పసిగట్టేదే. కానీ చెల్లెలు లలితమ్మ మనవడికి ఆ రోజు పేరు పెడుతున్నారు, బస్సు తప్పిపోతుందన్న కంగారులో ఉంది.

"జొన్నరొట్టెలు బుట్టల వెట్టిన. పప్పు మూతవెట్టి ఉన్నది. పొద్దుగూకేసరికి వస్త. చాయ్ తాగితే చక్కెర లేకుంట తాగు," అంది గుమ్మంలోంచి.

"చక్కెర యాడున్నదే ఏసుకోనీకి? డబ్బకు తాళమేస్తివి. తాళంచెవి కొంగుకు కట్టుకుంటివి."

"కట్టుకున్న. ఊరికి గూడ తీస్కపోతున్న."

పోయిన చలికాలంలో బాలకిష్టయ్య కాలి బొటనవేలికి చిన్న దెబ్బ తగిలి ఎంతకీ మానకపోతే దవాఖానకు వెళ్లాడు. డాక్టరు వేలికి కట్టు కట్టి, షుగర్ ఉందని చెప్పి పంపాడు. పెళ్లి పంక్తిలో లడ్డూల గంప దించి అతని ముందు పెట్టి వెళ్లిపోవడం అలవాటైన బంధువర్గం ఆ వార్త విని చాలా బాధపడింది. సుభద్రమ్మ బాధపడి ఊరుకోలేదు. మొగుణ్ని మగ్గం దగ్గరికి నడిపించి, పడుగు మీద చెయ్యి పెట్టించి, "చక్కెర ముట్టను, బెల్లం ముట్టను" అని ఒట్టు వేయించింది. దేవుడి ముందు వేసిన ఒట్టుకు ఆ వాడలో ఏదైనా సవరణ ఉంటుందేమో గాని, మగ్గం మీద వేసిన ఒట్టుకు లేదు.

"తప్పినవనుకో, నీకు కండెలు చుట్టనే చుట్ట. మా చెల్లె ఇంటికి పోయి కూసుంట," అని కూడా చెప్పింది.

ఇది ఉత్త బెదిరింపు కాదు. నాడెలో పెట్టే పోగు కండెలు చుట్టేది ఆమె. కండె లేకపోతే నాడె ఎంత ఆడించినా గాలే నేయాలి. మగ్గం మీద శ్రావణంలో పెళ్లికి ఇవ్వాల్సిన చీర సగంలో ఉంది. మాట పోతే ఇంకో చీర నేతకు ఇచ్చేవాడు ఉండడు.

అంత కట్టుదిట్టమైన ఒట్టుకు దారి చూపించింది రేడియో. ముందు రోజు మధ్యాహ్నం మగ్గం పక్కన పెట్టుకున్న రేడియోలో స్త్రీల కార్యక్రమం వస్తోంది. ఎవరో అమ్మగారు చక్కెర లేకుండా, బెల్లం లేకుండా, పండ్లను వాటి తీపితోనే ఉడికించి పాకం చేయడం ఎలాగో తియ్యగా చెబుతోంది. బాలకిష్టయ్య చేతిలో నాడె ఆగిపోయింది. నేరేడు పండ్లు, ఖర్జూరాలు, మాగిన అరటిపండ్లు, ఇంత యాలకుల పొడి. "షుగర్ ఉన్నవాళ్లు మాత్రం..." అని ఆమె అంటుండగా కరెంటు పోయింది. మిగిలిన వాక్యాన్ని బాలకిష్టయ్య తనే పూర్తి చేసుకున్నాడు. 'మాత్రం తప్పకుండా తినాలి' అనే వచ్చి ఉంటుందని అతనికి తోచింది. నేరేడు పండు షుగర్‌కు మంచిదని వాడంతా అంటుంది కదా. పైగా ఒట్టులో చక్కెర ఉంది, బెల్లం ఉంది, పండు ఎక్కడుంది?

బస్సు కదిలిందనుకున్న వేళకు అతను పండ్లతో ఇంటికి వచ్చేశాడు. వంటింట్లో పొయ్యి ముట్టిస్తే బూడిద చూసి సుభద్రమ్మ సంగతంతా చెప్పేయగలదు. అందుకని పెరట్లో పట్టుకు రంగులద్దే పొయ్యి రాజేశాడు. రంగు గిన్నెలో తినేది వండకూడదన్న ఇంగితం ఉన్నవాడే కనుక, అటక మీది కొత్త సిల్వర్ గిన్నె దించాడు. అంతవరకు అంతా సవ్యంగానే ఉంది.

కానీ బాలకిష్టయ్యకు వంట రాదు, రంగులద్దడం వచ్చు. అందుకని పాకాన్ని కర్రతో కలియబెట్టాడు. మంట ఎగదోశాడు. నేరేడు రసం ఉబికి, ఖర్జూరం కరిగి, పాకం నిగనిగలాడుతుంటే చేతులు వాటంతట అవే ఒక పట్టు పోగు తెచ్చి అందులో ముంచి, పిండి, ఎండకు పెట్టి చూశాయి. "ఇంక జర ఎక్కాలె," అనుకున్నాడు. తర్వాత ఇది తినడానికని గుర్తొచ్చి, పోగును రాటకు చుట్టి, వేలు ముంచి నాకాడు.

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆరు నెలల ఎడబాటు మరి!

"మామా, ఏం ఉడకవెడ్తున్నవే?"

గోడ మీద పక్కింటి ఎల్లయ్య తల కనిపించింది. ఎల్లయ్యకు చెబితే అతని భార్య హన్మమ్మకు చెప్పినట్టే, హన్మమ్మకు చెబితే సుభద్రమ్మ చెవిలో వేసినట్టే.

"రంగురా," అన్నాడు బాలకిష్టయ్య.

"కమ్మటి వాసనొస్తున్నదేందే?"

"చెట్ల రంగు. పండ్లతోని చేసుడు. మా తాత చేస్తుండె."

"అబ్బ, మంచిగున్నదే! నాది ఒక పట్టు పోగుల లడి ఉన్నది, చీర అంచుకు. దాన్ని జర ముంచుకుంటనే?"

"ఇంక కుదరలేదురా, మాపటికి చూద్దాంలే," అని గోడ మీది తలను ఎలాగో దించి, గిన్నెడు పాకం గిన్నెలోకి... అంటే పెద్ద గిన్నెలోంచి చిన్న గిన్నెలోకి తోడుకుని లోపలికి వెళ్లాడు. అది అయ్యాక మళ్లీ వచ్చాడు. మళ్లీ వచ్చాడు. ఆఖరికి నడవలో చాప పరచుకుని, చాలా కాలం తర్వాత ప్రపంచం మీద ఏ ఫిర్యాదూ లేకుండా నిద్రపోయాడు.

మామ గురక గోడ దాటి వినిపించేసరికి, 'పాపం, లేపడం దేనికి' అనుకున్నాడు ఎల్లయ్య. పెరటి తడక తోసుకుని వచ్చి, గోరువెచ్చగా ఉన్న పాకంలో పట్టు లడిని ముంచి, నాననిచ్చి, అటూ ఇటూ తిప్పి, తీసుకెళ్లి తన దండెం మీద ఆరేసుకున్నాడు. రంగు మాత్రం దివ్యంగా ఎక్కింది.

అమరచింత బస్సు ఆ రోజు ఊరు దాటకముందే మొరాయించింది. డ్రైవరు దాని కింద దూరి చాలాసేపు బతిమాలినా కదల్లేదు. ఎండలో నిలబడి నిలబడి విసిగిన సుభద్రమ్మ ఇల్లు చేరేసరికి మొగుడు నడవలో వెల్లకిలా పడి ఉన్నాడు. పెదవులు ఊదా. మీసాలు ఊదా. తెరిచిన నోట్లో నాలుక నల్లటి ఊదా. ఆమె పెరట్లోకి పరుగెత్తింది. రంగుల పొయ్యి మీద గిన్నె, గిన్నెలో కర్ర, రాటకు రంగులో ముంచిన పట్టు పోగు.

"ఎల్లయ్యా! పొయ్యి మీద ఏందిరా గది?"

"రంగు, అత్తా. మామ కొత్త రంగు కాసిండు."

సుభద్రమ్మ పెట్టిన కేకకు వాడలో ఉన్న మగ్గాలన్నీ ఆగిపోయాయి.

బాలకిష్టయ్య కళ్లు తెరిచేసరికి నెత్తి చుట్టూ పదిమంది ఉన్నారు. "రంగు తాగినవా?" అని సుభద్రమ్మ అతని రెండు భుజాలూ పట్టి ఊపుతోంది. లేదంటే ఏం తాగావంటుంది. పాకమంటే కండెలుండవు. నిద్రమత్తులో ఉన్నా అతని బుర్ర ఈ మాత్రం లెక్క వేసుకుంది.

"జర... రుచి చూసిన," అన్నాడు.

"రంగును రుచి చూస్తరా ఎవలన్న?"

"రంగు వట్టనీకి ఏసిన పటిక సరిపోయిందో లేదో తెల్వాలె గద."

అదే సమయంలో అతనికి తేన్పు వచ్చింది. అది రుచి చూసిన మనిషి తేన్పులా లేదు. "కడుపు నిండ తాగిండమ్మో!" అని హన్మమ్మ నెత్తి బాదుకుంది. ఎవరో ఉప్పునీళ్లు తెచ్చారు, ఎవరో చింతపండు పిసికారు. కక్కితే బతుకుతావని అందరూ వీపు చరిచారు. బాలకిష్టయ్య పళ్లు బిగించాడు. ఆరు నెలలకు కడుపులో పడ్డ తీపిని బయటికి పంపడానికి అతనికి ప్రాణం ఒప్పలేదు. కక్కలేనంత విషమెక్కిందని తేల్చి, రిక్షాలో ఎక్కించి దవాఖానకు తోలుకుపోయారు.

చలికాలంలో వేలికి కట్టు కట్టిన డాక్టరే ఉన్నాడు. నోరు తెరిపించి చూసి, "ఏ రంగు తాగావయ్యా?" అన్నాడు.

"నేరేడు రంగు సార్," అన్నాడు బాలకిష్టయ్య. ఆ రోజు అతను ఆడిన మాటల్లో ఇదొక్కటే నిజం.

"కడుపు కడగాలి. ట్యూబు పట్రండి," అన్నాడు డాక్టరు కాంపౌండరుతో.

వచ్చిన రబ్బరు గొట్టం బాలకిష్టయ్య బొటనవేలంత లావు ఉంది. అది చూశాక ఒట్టు, కండెలు, చీర అన్నీ మరిచిపోయి నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో సుభద్రమ్మ బల్ల అంచున కూలబడి అతని చేయి పట్టుకుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె అలా ఏడవడం అతను చూడలేదు.

"నేనే సంపుకుంటినయ్యా నిన్ను. నాలికెకు ఇంత తీపి తగలనియ్యకపోతి. నోరు సచ్చి రంగు తాగితివి. నువ్వు లేసి ఇంటికి రా. మగ్గం మీద ఒట్టు, నా చేతులతోని భక్ష్యాలు చేసి వెడ్త. కడుపు నిండ తిను, నేనేం అద్దనను."

బాలకిష్టయ్యకు గుండె కరిగింది. ఇంత ప్రేమించే మనిషినా మోసం చేస్తున్నానని నిజంగానే సిగ్గుపడ్డాడు. చెప్పేద్దామని నోరు తెరిచాడు. తెరిచాక భక్ష్యాలు గుర్తొచ్చాయి. బెల్లం పూర్ణంతో పెనం మీద నేతిలో పొంగుతున్న భక్ష్యాలు, అవీ మగ్గం మీద ఒట్టుతో. గొట్టం ఎంతసేపు? లోపలికి పోతుంది, బయటికి వస్తుంది. భక్ష్యాలు అలా కాదు.

"వెయ్యండి సార్," అన్నాడు తెరిచిన నోరు మూయకుండా.

డాక్టరు గొట్టం అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఎల్లయ్య పట్టు లడిని కర్రకు వేలాడదీసుకుని రొప్పుతూ లోపలికి వచ్చాడు.

"ఆగుండ్రి సారూ! గీ రంగు ఏం రంగో సూడుండ్రి. నా లడి అంత ఆగమైంది. రంగుకు చీమలు వట్టినయ్!"

లడి పొడవునా నల్లచీమలు బారులు తీరి ఉన్నాయి. కొన్ని తిని, కొన్ని మోసుకుపోతూ, కొన్ని ఇంకా వస్తూ ఉన్నాయి. డాక్టరు గొట్టం పక్కన పెట్టి లడిని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. దానికి అంటిన ఒక చిన్న ముక్కను గోటితో తీసి వెలుగులో చూశాడు.

"ఖర్జూరం," అన్నాడు.

సుభద్రమ్మ ఏడుపు ఆగిపోయింది. ఆమె మొగుడి ముఖంలోకి చూసింది. బాలకిష్టయ్య పైకప్పులోకి చూశాడు.

"రేడియోల చెప్పిన పాకమేనా?" అంది సుభద్రమ్మ చాలా మెల్లగా.

"నీకెట్ల తెల్సు?"

"హన్మమ్మ ఇంట్ల కండెలు చుట్టుకుంట నేను గూడ విన్న. ఆల్లది బ్యాటరీ రేడియో. షుగర్ ఉన్నోళ్లు మాత్రం వాసన గూడ చూడొద్దన్నది ఆమె."

డాక్టరు ఆలస్యం చేయలేదు. ఒక సీసా ఇచ్చి మూత్రం పట్టుకురమ్మన్నాడు. గాజు గొట్టంలో షుగర్ ఎంతుందో చూసే నీలం మందు పోసి, అందులో నాలుగు చుక్కలు కలిపి, దీపం మీద వేడి చేశాడు. అందరూ చుట్టూ మూగారు. నీలం పచ్చబడింది. పచ్చ పసుపయ్యింది. పసుపు చూస్తూ చూస్తుండగా ఎర్రటి ఇటుక రంగుకు తిరిగింది. ఒంట్లో షుగర్ నిండుగా ఉందన్నమాట.

"అబ్బ! గిది ఎంత మంచిగెక్కిందే మామా," అన్నాడు ఎల్లయ్య మనస్ఫూర్తిగా.

రిక్షాలో ఇంటిదాకా సుభద్రమ్మ ముఖం రోడ్డు వైపు తిప్పుకునే కూర్చుంది. రేపటి నుంచి కండెలుండవని బాలకిష్టయ్యకు అర్థమైపోయింది. శ్రావణం పెళ్లికూతురు సగం చీరతో పీటల మీద కూర్చున్నట్టు కలగన్నాడు. తెల్లవారి లేచేసరికి రాట్నం తిరుగుతున్న చప్పుడు వినిపించింది. మగ్గం పక్కన కండెలు బుట్ట నిండా ఉన్నాయి.

"చుట్టినవా!" అన్నాడు నమ్మలేక.

"నువ్వన్నది చక్కెర, బెల్లం. పండ్లు అన్లే. ఒట్టు తప్పలేదు నువ్వు. రంగు తాగి సస్తున్నవన్నప్పుడు నా పాణం ఏమైందో నాకే తెల్సు. బతికినవ్, సాలు," అంది సుభద్రమ్మ. "రా, కూసో. నా ఒట్టు గూడ తీరాలె గద."

విస్తరి ముందు కూర్చున్న బాలకిష్టయ్య కళ్లు నులుముకుని చూశాడు. నిజంగానే భక్ష్యాలు! పెనం మీంచి పొగలు కక్కుతూ, అంచుల్లో నెయ్యి కారుతూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇలాంటి ఇల్లాలు దొరకడం పూర్వజన్మ పుణ్యమనుకుంటూ పెద్ద ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

నమలడం ఆపాడు.

"ఏందే గిది?"

"శనగపప్పు. పచ్చిమిరపకాయ, ఎల్లిపాయ, ఉప్పు," అంది సుభద్రమ్మ ఇంకొకటి పెనం మీద వేస్తూ. "చక్కెర లేదు, బెల్లం లేదు. భక్ష్యాలన్న గని తియ్యటియన్ననా? కడుపు నిండ తిను. మగ్గం మీద ఒట్టు."

ఎల్లయ్య లడికి మూడు నీళ్లలో చీమలు పోయాయి గాని రంగు పోలేదు. ముందురోజు సాయంత్రమే ఆ రంగు చూసిన దుకాణదారు అలాంటి అంచుతో ఒక చీర నేయమన్నాడట. ఆ కబురు ఎల్లయ్య గోడ మీంచి చెబుతున్నాడు. బాలకిష్టయ్య నాలుగో భక్ష్యం దగ్గర ఉన్నాడు, చెంబులో మంచినీళ్లు అయిపోయాయి.