నవ్వితే ఒప్పుకున్నట్టే

నవ్వు పుట్టించని వార్త అసలు వార్తే కాదని మన ప్రభుత్వం ఎట్టకేలకు గుర్తించింది. వార్తలు చూసే నాథుడు లేడు, కామెడీ షో చూడని ఇల్లు లేదు. కాబట్టి ఇకపై ఉత్తర్వులన్నీ ఆ షోలోనే వెలువడతాయని హాస్య సమాచార శాఖ ప్రకటించింది. (ఆ ప్రకటనను ఇద్దరు నటులు ఒకే చొక్కాలో దూరి చదివారు. అద్భుతం.)

ఈ పద్ధతిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. జన్మలో మొదటిసారి నాకు బడ్జెట్ అర్థమైంది. ఆర్థికమంత్రి వేషం వేసినాయన పక్కవాడి జేబులోంచి రుమాలు తీసి, ముక్కు తుడుచుకుని, మళ్లీ అక్కడే పెట్టాడు. ఇంతకన్నా వివరంగా ఏ పండితుడు చెప్పగలడు?

మా బావకు మాత్రం చిక్కొచ్చి పడింది. ఆయనకు సెలూన్ ఉంది. పోయిన వారం షోలో ఒకడు సగం గడ్డం గీయించుకుంటుండగా గోడ కూలింది, బుల్డోజర్ తల లోపలికి పెట్టి, "తర్వాత నేనేనా?" అని అడిగింది. బావ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. అది తన కొట్టు గురించేనని మర్నాడు అక్క చెబితే గానీ తెలియలేదు. రోడ్డు వెడల్పు చేస్తారట.

ఇద్దరం అభ్యంతరాల అధికారి దగ్గరికి పరుగెత్తాం.

"మీ టీవీ పెట్టెలో మీ నవ్వు నమోదైందండీ. నవ్వితే ఒప్పుకున్నట్టే" అన్నారాయన.

"జోకు బాగుందని నవ్వానండీ బాబూ, కొట్టు పడగొట్టమని కాదు!"

"రూల్స్‌లో ఆ తేడా లేదండీ. అప్పీలుకు వీలుంది. అదే జోకు మళ్లీ వేస్తాం. నవ్వకపోతే ఉత్తర్వు రద్దు."

నేను కంగారుగా బావ వైపు తిరిగాను. ఆ కొట్టే బావ బతుకుతెరువు, పైగా ఆ జోకు నిజంగానే బాగుంది.

"కంగారుపడకురా" అన్నాడు బావ. "జనం గొంతుమీద కత్తి పెట్టి ఇన్నేళ్లుగా వాళ్ల జోకులు వింటున్నా. పనిలో ఒక్కసారి నవ్వినా ఈపాటికి జైల్లో ఉండేవాణ్ణి."

జోకు వేశారు. నేను పెదవి కొరుక్కున్నాను. అధికారి బల్ల చరుస్తూ నవ్వారు. బావ మొహంలో ఒక్క కండరం కదలలేదు.

అధికారి కళ్లు తుడుచుకుని, 'రద్దు' అని ముద్ర గుద్ది, ఆ మాట చెప్పడానికి ఫోన్ చేశారు. కాసేపు విన్నారు.

"మీ కొట్టును ఇక ఎవరూ కూల్చడానికి వీల్లేదండీ" అన్నారు. "ఇందాకే కూల్చేశారట."

బావ ఆయన మొహంలోకి ఓ క్షణం చూసి, పగలబడి నవ్వాడు.

అధికారి రద్దును రద్దు చేశారు.