పెరట్లో డెక్కు

రెండో శనివారం పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని పెరట్లో నిలబడ్డ జగదీష్, అక్కడ ఒక చెక్క డెక్కు వేయించి తీరాలని నిర్ణయానికి వచ్చాడు. ఆయన మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఉండేది టేకులపల్లిలో. కాగితం పని పడితే జనం ఆఫీసుకు పోరు, తిన్నగా ఆయన ఇంటికే వస్తారు. తండా నుంచి చుట్టాలు, చుట్టాల చుట్టాలు, వాళ్లకు తోడొచ్చినవాళ్లు కలిసి ముందుగదిని ఆక్రమించేస్తారు. సోఫా నిండుతుంది, కుర్చీలు నిండుతాయి, ఆఖరికి టీవీ స్టాండు అంచు మీద కూడా ఎవరో ఒకరు ఆనుకుని ఉంటారు. జీతం పోసి కొన్న ఆ సోఫాలో పాపం తానెప్పుడు కూర్చున్నాడో జగదీష్‌కు గుర్తు లేదు.

కిందటి నెల పాపికొండలకు లాంచీలో వెళ్లినప్పుడు ఆయన పై డెక్కు మీద ఒక్కడే కూర్చుని టీ తాగాడు. పక్కన గోదావరి తన దారిన తాను పోతోంది. ఒక్కరంటే ఒక్కరు వచ్చి "సారూ, మన కాగితం ఏమైంది" అని అడగలేదు. అంతటి సుఖం లోకంలో ఉంటుందని ఆయనకు అప్పుడే తెలిసింది. ఇక అది లేనిదే బతకడం కష్టమనిపించింది.

"సిమెంటు పోయిస్తే అయిపోయె గద," అంది భార్య హేమలత బియ్యం చెరుగుతూ.

"ఎండాకాలం దాని మీద కాలు పెడితే బొబ్బలెక్కుతయి."

"కడప బండలు?"

"కింద తేళ్లు చేరతయి."

"వెదురు తడకలు?"

"చెద పడ్తది. జామాయిలు అంటవేమో, అది ఎండకు పగుల్తది."

"మరేంది మీకు కావాల్సింది?"

"టేకు. పలకలు గొట్టిస్త."

హేమలత చేట కింద పెట్టింది. "ఆ పేరు జర మెల్లగ అనుండ్రి. గోడవతల ఇంటరు."

ఆమె భయం ఉత్తది కాదు. అడవి పక్క ఊరు కదా, టేకు సామాను లేని ఇల్లు లేదు. తాత చేయించిన మంచం, అమ్మమ్మ సారె పెట్టె, పాత ఇంటి దర్వాజా. వాటికి కాగితాలు అడిగితే మాత్రం ఊరు ఊరంతా ఆకాశంలోకి చూస్తుంది. అందుకని అక్కడ ఎవరూ టేకును టేకు అనరు. "ఆ కర్ర" అంటారు, అదీ గొంతు తగ్గించి.

జగదీష్ నిజాయితీపరుడు. నిజాయితీపరుడి వల్ల ఊరికి ఎంత ఇబ్బందో ఆ రోజే తెలిసింది. ఆయన కొలతల టేపు జేబులో వేసుకుని, స్కూటర్ మీద కారేపల్లి దారిలో ఉన్న చెంచురామయ్య కోతమిల్లుకు వెళ్లి, పదిమంది వినేలా నిలబడి అడిగాడు.

"మా పెరట్ల డెక్కుకు టేకు పలకలు కావాలె. బిల్లుతోటి."

చెంచురామయ్య నోట్లో వక్క నమలడం ఆపేశాడు. "ఏంటీ, ఏంతోటన్నారండీ?"

"బిల్లు. పర్మిటు నంబరు గూడ ఉండాలె."

మిల్లు పెట్టిన నాటి నుంచీ ఆయనను ఎవరూ ఆ కోరిక కోరలేదు. "మా దగ్గర వేప, మామిడేనండీ ఉండేది," అన్నాడు. జగదీష్ సరేనని, ఊరికే పోవడం ఎందుకని టేపు తీసి, అక్కడున్న మామిడి పలకల వెడల్పు కొలుచుకుని వెళ్లిపోయాడు. గవర్నమెంటు ఉద్యోగి, చేతిలో టేపు, నోట్లో పర్మిటు. చెంచురామయ్య లెక్క తేల్చేశాడు. ఇది తనిఖీ.

ఊళ్లోకి అప్పుడప్పుడే సెల్ టవరు వచ్చింది. కొత్త ఫోనుతో ఏం మాట్లాడాలో తెలియక తికమకపడుతున్న జనానికి ఆ రోజు సబ్జెక్టు దొరికింది. చెంచురామయ్య చండ్రుగొండలో ఉన్న బావమరిదికి చేశాడు, బావమరిది ఇంకొకరికి చేశాడు. జగదీష్ స్కూటర్ ఇల్లు చేరేలోపే వార్త టేకులపల్లి చేరింది. అప్పటికి దాని ఆకారం ఇది: అటవీ శాఖ వాళ్లు ఇంటింటికీ వస్తున్నారు, కొలతలన్నీ జగదీష్ సారే తీస్తున్నాడు.

గేటు ముందు ఎడ్లబండి ఆగి ఉంది. బండి మీద మంచం, మంచం పక్కన తండా నుంచి వచ్చిన తండ్రి దేవ్లా.

"ఏంది బాపూ ఇది?"

"మీ తాత మంచం. కొన్నొద్దులు నీ పెరట్ల ఉండనియ్యి. సర్కారు నౌకరి ఇంట్ల ఎవడు ఎతుకుతడు?"

"ఎతుకుడేంది? నేను డెక్కు కోసం పలకలు చూడబోయిన, అంతే."

"అవ్ అవ్. ఎవరడిగినా గట్లనే చెప్పు," అన్నాడు దేవ్లా, కొడుకు తెలివికి మురిసిపోతూ.

మంచం దించుతుండగానే మేనత్త ఎర్రమ్మ తన పెళ్లినాటి పెట్టెను ఊడదీసి, చెక్కలు నెత్తిన పెట్టుకుని వచ్చింది. పక్కింటి వెంకటరామారావు గారిది ఎరువుల దుకాణం, మర్యాదస్తుడు. ఆయన గోడ మీదుగా పలకలు ఒక్కొక్కటే ఇవతలికి జారవిడుస్తూ, "ఇవి మీవేమోనండీ, మా గోడ మీద ఉన్నాయి," అన్నాడు. ఒకటి కాదు, గోడంత ఉన్నాయి. పొద్దువాలే వేళకు పెరట్లో మనిషి నడిచే చోటు లేదు. బిల్లు లేనిదే ఒక్క పలక కూడా వద్దనుకున్న మనిషి ఇంట్లో ఇప్పుడు ఊరి టేకంతా ఉంది, బిల్లు మాత్రం లేదు.

అప్పుడు ఫోను మోగింది. అటవీ శాఖ రేంజరు ఉదయ్ భాస్కర్.

"జగదీష్ గారూ, చెంచురామయ్య చెప్పాడండీ. రేపు పొద్దున వస్తున్నా. మీ పెరడు చూడాలి."

జగదీష్ అరుగు మీద కూలబడ్డాడు. "అయిపోయింది హేమా. సస్పెండు చేస్తరు. డెక్కు సంగతి దేవుడెరుగు, కూసునే కుర్సీ గూడ పోతది."

హేమలత పెరటిని ఒకసారి, మొగుడిని ఒకసారి చూసింది. "ఇంత కర్ర దాచలేం. పరుద్దాం," అంది.

దేవ్లా మంచం కోళ్లు పీకి కింద దిమ్మెలుగా పెట్టాడు. పట్టెలు అడ్డంగా వేశారు, వాటి మీద పలకలు బిగించారు. ఎర్రమ్మ తన పెట్టె చెక్కలు మధ్యలోనే వేయాలని పట్టుబట్టింది. వెంకటరామారావు గోడవతల నుంచి, "ఆ చివర ఎత్తు తగ్గిందండీ," అని సలహాలిచ్చాడు. తొలికోడి కూసేసరికి పని అయిపోయింది. పైన తాటిచాపలు కప్పారు.

పొద్దున జీపు ఆగింది. జగదీష్ చొక్కా అప్పటికే తడిసిపోయి ఉంది. రేంజరు వచ్చి చాప మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, టీ అందుకున్నాడు.

"ఇదేనా డెక్కు?"

"అవ్ సార్."

"నా సర్వీసులో టేకుకు బిల్లు అడిగిన మనిషి ఒక్కడూ తగల్లేదండీ. అలాంటాయన ఎలా ఉంటాడో చూసిపోదామని వచ్చా. దొరికిందా మరి?"

జగదీష్ చాప అంచు సర్దాడు. "దొర్కలే సార్. అందుకని జామాయిలు ఏయించిన."

రేంజరు చాప అంచు ఎత్తాడు. ఎర్రమ్మ పెట్టె చెక్క బయటపడింది, దానికి కొట్టిన ఇత్తడి పువ్వుతో సహా. గోడ మీద వెంకటరామారావు తల మాయమైంది. దేవ్లా కండువాతో ముఖం తుడుచుకోవడం మొదలుపెట్టి, ఎంతకీ ఆపలేదు.

"ఇత్తడి పువ్వులు పూసే జామాయిలు నేనెక్కడా చూళ్లేదండీ," అన్నాడు రేంజరు. మెల్లగా చాప కప్పేశాడు. "తాతల నాటి సామాను మీద నేను కేసులు పెట్టనండీ. నేను తిరిగేది అడివిలో పచ్చి కర్ర కొట్టేవాళ్ల కోసం. అసలు తనిఖీ అని మీకెవరు చెప్పారు?"

రేంజరు ఇంకో టీ తాగి, లేవలేక లేచాడు. "చాలా హాయిగా ఉందండీ. వచ్చే ఆదివారం కూడా వస్తా," అన్నాడు.

జీపు మలుపు తిరగగానే జగదీష్‌కు ప్రాణం లేచొచ్చింది. "ఇగ ఎవరి కర్ర వాళ్లు తీస్కపోండ్రి," అన్నాడు.

"తీస్తే సారు మళ్లొచ్చినప్పుడు యాడ కూసుంటడు?" అన్నాడు దేవ్లా, తన పట్టె మీద నడుం వాలుస్తూ. ఎర్రమ్మ ఇత్తడి పువ్వు పక్కన చతికిలబడి ఆకు, వక్క తీసింది. ఇక దాచేది లేదని తేలాక వెంకటరామారావు పేపరు పట్టుకుని వచ్చి, "ఈ వరసంతా మాదేనండీ," అని అందులో విశాలంగా కూర్చున్నాడు. వారం తిరగకముందే కాగితాల పని మీద వచ్చేవాళ్లు కూడా ముందుగదిలోకి రావడం మానేసి, సందులోంచి తిన్నగా పెరట్లోకి పోసాగారు. అక్కడ గాలి ఉంది, కబుర్లున్నాయి, ఆదివారమైతే ఏకంగా రేంజరే ఉన్నాడు.

ఆ ఆదివారం జగదీష్ టీ గ్లాసుతో పెరటి గుమ్మంలో నిలబడ్డాడు. డెక్కు మీద కాలు పెట్టే సందు లేదు. జరగమందామంటే, అందులో తనది ఒక్క చెక్క కూడా లేదు. ఉక్రోషంతో వెనక్కి తిరిగి ముందుగదిలోకి వచ్చాడు. గది ఖాళీగా ఉంది. సోఫా ఖాళీగా ఉంది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది, ఆ ఫ్యాను చప్పుడు చేస్తుందనే ఆయనకు తెలియదు. కూర్చున్నాడు. కాళ్లు బార్లా చాపాడు. టీ చివరి గుక్క వరకూ వేడిగానే ఉంది. ఆయన కళ్లు చెమర్చాయి.

పెరట్లోకి ఇంకో విడత టీలు తీసుకెళ్తూ హేమలత ఆగింది. "అక్కడ మీకు జాగ దొర్కలేదా? ఇంత చేసి ఏం లాభం, పాపం."

జగదీష్ తలుపు వైపు అనుమానంగా చూశాడు.

"డెక్కు జర చిన్నగైంది హేమా. జాగ సాలక ఎవరన్న ఇటొస్తరేమో, ఇంకో నాలుగు పలకలు ఏయిద్దాం."