నేలకి జానెడు ఎత్తులో

"ఇకపై ప్రతి స్టార్టప్ బోర్డులోనూ ఒక అబ్జర్వర్ కూర్చుంటాడు. చూస్తాడు, వింటాడు, నోరు మెదపడు. దాంతో గవర్నెన్స్ దానంతటదే పెరుగుతుంది" అని మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో మారుమోగింది. ఎలా పెరుగుతుందని ఒక విలేకరి అడిగాడు. నోరు మెదపకుండా చూడటం ఎలాగో మంత్రిగారు అతనికి అక్కడే చూపించారు.

అబ్జర్వర్ లేని కంపెనీకి అనుమతులు రావు. అంచేత మా కంపెనీ వెంటనే ఒకరిని తెచ్చుకుంది. మా కంపెనీ అంటే నాది కాదు, నేనక్కడ మీటింగుల మినిట్స్ రాస్తాను. మా మేడం వంటగ్యాస్ లీకైతే మోగే యంత్రం తయారుచేసింది. వాళ్లమ్మగారికి ముక్కు వాసన పట్టడం మానేసి రెండేళ్లయింది. ఓరోజు పాలు పొంగి స్టవ్వు ఆరిపోయి, గ్యాస్ ఇల్లంతా నిండుతున్నా ఆవిడ నింపాదిగా పేపరు చదువుకుంటూనే ఉందట. పక్కింటావిడ వచ్చింది కాబట్టి సరిపోయింది. ఆ మర్నాడే మేడం ఉద్యోగం మానేసింది. కానీ అనుమతి లేకుండా యంత్రం ఎవరింట్లోనూ బిగించకూడదు, కన్నతల్లి ఇంట్లోనైనా సరే.

మాకు దొరికిన అబ్జర్వర్ సాక్షాత్తూ మంత్రిగారి వియ్యంకుడు. పైగా గ్యాస్ కంపెనీలో ముప్పై ఏళ్లు ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. అంత తెలిసినాయన్ని మాట్లాడకూడని కుర్చీలో కూర్చోబెట్టడం ప్రభుత్వ దూరదృష్టి. ఏమీ తెలియనివాడు మాట్లాడకపోతే అందులో గొప్పేముంది?

మొదటి మీటింగులో మేడం యంత్రాన్ని సీలింగుకి జానెడు కింద బిగించి చూపించింది. పొగ పైకే పోతుంది కదా, గ్యాసూ అంతే అంది. లైటరు గ్యాసు దాని మూతిమీదికి వదిలితే ఖంగున మోగింది. అబ్జర్వర్‌గారు యంత్రం వైపు చూశారు. తర్వాత నేల వైపు చూశారు. మీటింగయ్యేదాకా అలాగే నేల చూపులు చూస్తూ ఉండిపోయారు. "అబ్జర్వర్‌గారు వినయంతో తల వంచుకున్నారు" అని మినిట్స్‌లో రాశాను.

రెండో మీటింగులో ఆయన బూటుతో నేలని మూడుసార్లు తట్టారు. మేడం కంగారుపడి తివాచీ మార్పించింది. మూడో మీటింగులో పెన్ను కింద పడేసుకుని, మోకాళ్లమీద కూర్చుని, గోడ మొదట్లో చెయ్యి పెట్టి మేడం వంక దీనంగా చూశారు. బాబాయిగారికి నడుం పట్టేసిందని మేడం ఆయన్ని లేవదీసి, మెత్తటి కుర్చీ తెప్పించింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మా మర్యాదకి కరిగిపోయారనుకున్నాం.

డెమో అయ్యేదాకా అబ్జర్వర్ మీటింగు బయట కూడా పెదవి విప్పకూడదని రూలు. అంచేత ప్రతి మీటింగుకీ ఆయన ఒక రిపోర్టు రాసి, సీలు వేసి మంత్రిగారి ఆఫీసుకి పంపేవారు. కాన్ఫిడెన్షియల్ కాబట్టి అక్కడెవరూ వాటిని విప్పలేదు.

ఆరో నెలలో డెమో. మంత్రిగారు వచ్చారు, తలుపులు మూశారు, మేడం సిలిండరు మర కొద్దిగా తిప్పింది. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. యంత్రం మోగలేదు. మంత్రిగారు దగ్గారు, ఆయన్ని చూసి మిగతావాళ్లూ దగ్గారు, ఆ తర్వాత హోదాలు మరిచి అందరం బయటికి పరిగెత్తాం. అబ్జర్వర్‌గారు మాత్రం సిలిండరు కట్టేసి, కిటికీలు తెరిచి, నెమ్మదిగా వచ్చారు. డెమో ముగిసిందా అని నన్నడిగారు. ముగిసిందన్నాను.

అప్పుడాయన మేడం వైపు తిరిగారు. "వంటగ్యాస్ గాలికన్నా బరువమ్మా. కిందికి దిగి నేలమీద పాకుతుంది. యంత్రం నేలకి జానెడు ఎత్తులో ఉండాలి."

"ఆరు నెలల్నుంచీ మీకు తెలుసా బాబాయిగారూ?"

"ముప్పై ఏళ్లనుంచీ తెలుసమ్మా."

మేడం వెంటనే మంత్రిగారి దగ్గరికెళ్లింది. ఒక్క గంట టైమిస్తే యంత్రం కిందికి దించి మళ్లీ చూపిస్తానని మంత్రిగార్ని బతిమాలింది. ఆయన గడ్డం గోక్కున్నారు.

"కింద పెడితే మోగుతుందా?"

"తప్పకుండా మోగుతుందండి."

"మోగితే జనం రోడ్డు మీదికొస్తారు. పేపర్లో పడుతుంది. పైన పెడితే?"

"మోగదండి."

"ఎక్కడా మోగకపోతే ఎక్కడా లీకు లేనట్టేగా" అని, మంత్రిగారు అక్కడికక్కడే అనుమతి ఇచ్చేశారు. ఇంటింటికీ ఒక యంత్రం, సీలింగుకి జానెడు కింద.

మేడం ఆ అనుమతి కాగితం మీద సంతకం పెట్టలేదు. "మా అమ్మ వంటింట్లో ఇది మోగాలండి" అని యంత్రం సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. వాళ్లమ్మగారింట్లో అనుమతి లేని యంత్రం ఒకటి మొన్న మోగిందని, మేడంకి నోటీసు వెళ్లింది.

ఆర్డరు మంత్రిగారి అల్లుడి స్టార్టప్‌కి దక్కింది. అది డెమో మర్నాడే పుట్టింది. నేనిప్పుడు అక్కడ మినిట్స్ రాస్తున్నాను. అబ్జర్వర్ వియ్యంకుడుగారే. ఆయన నేల వైపు చూడటం మానేశారు, కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

ఈ ఏడాది గ్యాస్ లీకులు సున్నా అని నిన్న మంత్రిగారు ప్రకటించారు. మా వంటింట్లోనూ యంత్రం బిగించారు. ఈ నాలుగు ముక్కలు రాస్తుంటే అటునుంచి ఏదో వాసన వచ్చింది. లేచి వెళ్లి చూశాను. సీలింగు కింద యంత్రం మీద పచ్చలైటు చక్కగా వెలుగుతోంది. తిరిగొచ్చి కూర్చున్నాను.