డబుల్ బోర్డరు టేబుల్

చరణ్ నిశ్చితార్థం రామచంద్రపురంలో. ఆ ఉదయం అమలాపురంలో అతని తల్లిదండ్రుల గొడవ మాత్రం ఒక గీత గురించి.

“ఒంటి గీత చాలదటండీ? చీర అంచులా రెండెందుకు?” అంది ఉమామహేశ్వరి.

“చూడగానే గౌరవం కలగాలే,” అన్నారు కృష్ణమూర్తి గారు. ఆయన కొత్తగా కంప్యూటర్ నేర్చుకున్నారు. వర్డ్‌లో టేబుల్ వేశారు. అందులో నిలువుగా మూడు వరసలు: పేరు, బండి, పని.

గీతలు ఆయనవి, ఏర్పాటు ఆవిడది. ఆయన అక్క బంగారమ్మకీ, ఆవిడ అక్క వీరవేణికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఎప్పుడో ఒకరినొకరు బొట్టు పెట్టి పిలవలేదట. ఒకే బండెక్కితే నిశ్చితార్థం దారిలోనే ఆగిపోతుందని, ఉమామహేశ్వరి ఇద్దరినీ చెరో బండిలో వేయించింది.

ఆవిడ కాఫీ కలపడానికి వెళ్ళగానే, పేర్లు అక్షరక్రమంలో లేవన్న లోటు ఆయన కంటపడింది. పేర్ల వరస ఒక్కటే ఎంచుకుని సార్ట్ కొట్టారు. పేర్లు బుద్ధిగా సర్దుకున్నాయి. బండ్లు, పనులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఆయన గీతలు ఇంకాస్త మందం చేసి, ప్రింట్లు తీసి పంచేశారు.

అంత అందమైన కాగితాన్ని తప్పుపట్టడానికి అందరికీ మొహమాటం అడ్డొచ్చింది.

“ఐసు పెట్టె నేను మొయ్యాలాండీ?” అన్నారు పంతులుగారు.

“కాగితంలో ఉంది కదండీ?” అన్నారు కృష్ణమూర్తి గారు.

“ఆయ్, ఉందండి.” మోశారు.

వీడియో తీసే పోలిరాజు పూలబుట్ట ఎత్తుకున్నాడు. అతని కెమెరా బంగారమ్మ భుజమెక్కింది. వీరవేణి పేరుకెదురుగా ‘మంత్రాలు’ అని ఉంది. అక్కలిద్దరిదీ ఒకే వ్యాను. ఉమామహేశ్వరి చూసేసరికి అది వీధి చివర మలుపు తిరిగింది.

రామచంద్రపురంలో ఆవిడ తన బండి దిగగానే ఆ వ్యాను దగ్గరికి పరిగెత్తింది. లోపల కేకల్లేవు, నవ్వులున్నాయి.

“మంత్రాలు నాకేం వచ్చు వదినగారూ!”

“నాకు మాత్రం కెమెరా వచ్చా? మా తమ్ముడు చిన్నప్పట్నించీ ఇంతేనమ్మా!”

చివరికి మంత్రాలు పంతులుగారే చదివారు, ఐసుకి కొంకర్లు పోయిన చేతులు కండువాలో దాచుకుని.

భోజనాల దగ్గర బంగారమ్మ గొంతు సవరించుకుంది. “పెళ్ళి ఏర్పాట్లన్నీ నేనూ వీరవేణి వదినా చూసుకుంటాం. చీరలూ, వంటలూ, పిలుపులూ అన్నీని. ఉమా, నువ్వు హాయిగా కూర్చో.”

“నాకేదైనా పని...” అన్నారు కృష్ణమూర్తి గారు.

“గీతలు గియ్యరా,” అంది అక్క.

పప్పులో నెయ్యి కలుపుతున్న ఉమామహేశ్వరి, భర్త వైపు కాస్త వంగింది.

“ఏవండీ, పొద్దున కొట్టేశానన్నారే, ఆ సార్ట్ పెళ్ళి కాగితంలో ఎక్కడ కొట్టాలో ఇంటికెళ్ళాక నాకోసారి చూపిద్దురూ.”