ఏడో కోట విజయోత్సవ సభ

మూడు తాలూకాల ప్రజలకు సంతోషంతో తెలియజేయడమేమంటే, పోయిన నెల రెండో ఆదివారం సాయంత్రం బాగేపల్లిలోని ఒక కల్యాణ మంటపంలో, ముఖ్య అతిథిగారి సమక్షంలో, ఒక డ్రాగన్‌ను సంహరించే కార్యక్రమం దిగ్విజయంగా జరిగింది. డ్రాగన్ చావలేదన్న చిన్న విషయం తప్పిస్తే ఏర్పాట్లలో ఏ లోపమూ లేదు. స్వాగత సమితి కార్యదర్శిని నేనే కాబట్టి ఈ నివేదిక రాసే భాగ్యం కూడా నాకే దక్కింది.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ‘ఏడు కోటలు’ అనేది ఫోన్‌లో ఆడే ఆట. ఐదుగురు కలిసి ఆడాలి. మన ఐదుగురూ చింతామణిలో పీయూసీ కలిసి చదివి, తలా ఒక దిక్కుకు పోయినవాళ్ళు. ఈ ఆటలో తప్ప ఇంకెక్కడా కలుసుకోవడానికి తీరిక లేనివాళ్ళు. చిక్కబళ్ళాపురంలో బైకులు బాగుచేసే నాగేశ్ డాలు పట్టుకుని అందరికంటే ముందు నిలబడతాడు. గుడిబండె కొండ ఎక్కుదాం రమ్మంటే మోకాళ్ళ నొప్పులన్న మనిషి, ఈ ఆటలో ఆరు కోటలు మంచం మీద పడుకునే ఎక్కాడు. బాగేపల్లి బట్టలంగడివారి కవలలు మోహిత్, నమ్రత విల్లు పట్టారు. పరగోడులో ఆవుల్ని చూసుకునే మంజునాథ మంత్రగాడు. పాలు పిండే వేళ తప్ప మిగతా వేళల్లో నిప్పులు కురిపిస్తాడు. చింతామణిలో విత్తనాల అంగడి చూసుకునే సుమ వైద్యురాలు. దెబ్బ తిన్నవాళ్ళకు ఎప్పటికప్పుడు ప్రాణం పోయడం ఆమె పని. ఆమె వేలు ఒక్క క్షణం ఆగితే నాగేశ్ పోతాడు. నాగేశ్ పోతే అందరూ పోతారు.

రెండేళ్ళు కష్టపడి ఆరు కోటలు గెలిచారు. ఏడో కోట తలుపు ముందు డ్రాగన్ పడుకుని ఉంది. సరిగ్గా అప్పుడే ఆ కంపెనీవాళ్ళు ఒక ప్రకటన చేశారు: ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ఆట మూసేస్తున్నాం, మళ్ళీ తెరవం. ఐదుగురూ కూడబలుక్కుని ఆదివారం మధ్యాహ్నమే పని ముగించాలనుకున్నారు. ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని ఆడితే పోయేది. అలా పోనిస్తే మేమెందుకు ఉన్నట్టు?

సంగతి బయటపడింది సుమ పెద్దనాయన సుబ్బరాయప్పగారి వల్ల. ఆయన చింతామణిలో టమాటా మండీ యజమాని, పదకొండు సమితులకు అధ్యక్షులు. ఒకరోజు అంగడికి వచ్చారు.

“ఏమ్మా, గిరాకీ నిలబడుకోని ఉండాడు, నువ్వు ఆ ఫోన్‌లో ఏం చేస్తాండావు?”

“ఆరు కోటలు గెలిచినాం పెద్దనాయనా. ఇంగ ఒగటే ఉండాది.”

“జిల్లాలో ఇంగెవరన్నా ఇంత దూరం వచ్చినారా?”

“ఎవురూ రాలేదు.”

ఆయన ముఖం వెలిగిపోయింది. “అట్లయితే ఊరికే ఎట్ల గెలిచేదమ్మా? సభ పెట్టాల.”

“సభ వద్దు పెద్దనాయనా. ఆ తలుపు యెనక ఏముండాదో చూడాలని ఉండాది. అంతే.”

“అందరం చూస్తాం. నువ్వు ఒక్కదానివే చూస్తే ఏం మర్యాద?”

అలా స్వాగత సమితి పుట్టింది. మొదటి సమావేశంలో ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో ఎంత ఉండాలన్నది తేలింది. అధ్యక్షులది ఆరడుగులు, ముఖ్య అతిథిది ఏడడుగులు, ఆడేవాళ్ళవి ఐదు కలిపి ఒక పళ్ళెం అంత. రెండో సమావేశంలో ఏడో కోట ఏ తాలూకాకు వస్తుందన్న ప్రశ్న లేచింది. చింతామణివాళ్ళు మాదన్నారు, చిక్కబళ్ళాపురంవాళ్ళు జిల్లా కేంద్రం మాది కాబట్టి కోట కూడా మాదే అన్నారు. సభ జరిగే ఊరు బాగేపల్లి కాబట్టి, డ్రాగన్‌ను తాత్కాలికంగా బాగేపల్లి తాలూకాలో చేర్చాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. డ్రాగన్ చచ్చిందన్న పత్రికా ప్రకటన మూడో సమావేశంలో, అంటే శుక్రవారమే, నేను రాసి పెట్టాను. పనులు చివరి నిమిషం దాకా ఉంచుకోవడం నాకు అలవాటు లేదు.

ఆదివారం ఐదింటికి మంటపం నిండింది. వేదిక మీద ఐదు కుర్చీలు, వెనకాల పెద్ద తెర. దాన్ని చంపడానికి ఇరవై ఐదు నిమిషాలు పడుతుందని సుమ ముందే చెప్పింది. ఎనిమిదింటి దాకా మూడు గంటలుంది. ఎవరికైనా ఇంతకంటే ఏం కావాలి?

అప్పుడు సమితి గౌరవ సలహాదారు ముద్దుకృష్ణగారికి ఒక సంగతి తట్టింది. యుద్ధమంటే ఆయుధాలుండాలి, ఆయుధాలకు పూజ జరగాలి. ఏటా ఆయుధపూజకు ట్రాక్టరుకూ తక్కెడకూ కుంకుమ పెట్టేవాళ్ళం, ఫోన్లకు పెట్టకపోతే ఎలా? అందరికీ న్యాయంగానే తోచింది. ఐదు ఫోన్లూ పళ్ళెంలో పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు దిద్ది, దేవుడి పటం ముందు ఉంచాం. మంటపం గడపలో బూడిద గుమ్మడికాయ కొట్టాం. పూజ చక్కగా సాగింది. మంగళారతి మాత్రం ముఖ్య అతిథిగారి చేతులమీదుగా అని ఆమంత్రణ పత్రికలో అచ్చయి ఉంది. అతిథిగారు ఇంకా చిక్కబళ్ళాపురం దాటలేదు.

ఆరున్నరకు సుమ లేచింది. “అప్పా, ఫోన్లు ఇయ్యండి. మేము మొదలుపెడతాం.”

“పూజకు పెట్టిన ఆయుధం మంగళారతి కాకుండా ముట్టగూడదమ్మా,” అన్నారు ముద్దుకృష్ణగారు. “నాగలికైనా అదే, కొడవలికైనా అదే.”

ఏడింటికి మళ్ళీ లేచింది. ఈసారి నా దగ్గరికి వచ్చింది. “ఇంగ గంటే ఉండాదప్పా.” గంటంటే చాలా సేపని నేను ధైర్యం చెప్పాను. పళ్ళెంలో నాగేశ్ ఫోన్ మోగుతూనే ఉంది, వాళ్ళమ్మ. ఎవరూ ముట్టలేదు. అంతటి క్రమశిక్షణ ఈ మధ్య కాలంలో నేను చూడలేదు.

ఖాళీగా కూర్చోకూడదని ఆ సమయంలో ప్రసంగాలు కానిచ్చాం. సుబ్బరాయప్పగారు రెండు మాటలు అని చెప్పి ముప్ఫై ఐదు నిమిషాలు మాట్లాడారు. “డ్రాగన్ అంటే ఏమప్పా? డ్రాగన్ అంటే మన లోపల ఉండే సోమరితనం. డ్రాగన్ అంటే ఆలస్యం! టైమును గౌరవించేవాడే డ్రాగన్‌ను గెలుస్తాడు!” మంటపం మారుమోగిపోయింది. వెనక తెర మీద అసలు డ్రాగన్ బొమ్మ ఆవలిస్తూ ఉంది.

ఏడూ ఇరవై ఎనిమిదికి అతిథిగారు వచ్చారు. ఏడూ ముప్ఫై రెండుకు మంగళారతి. సుమ పళ్ళెం మీదికి దూకి ఫోన్ తీసుకుని, అద్దం మీది కుంకుమను చున్నీతో తుడిచి, అప్పుడే ఆటలోకి వెళ్ళిపోయింది. మిగతా నలుగురూ ఆమె వెంటే.

ఆ ఇరవై ఐదు నిమిషాలు, నిజం చెప్పొద్దూ, నేను కూడా కుర్చీ అంచుకు జరిగాను. నాగేశ్‌కు తగిలిన ప్రతి దెబ్బకూ సుమ వేలు వెంటనే పలికింది. కవలల బాణాలు ఒకటీ వృథా కాలేదు. మంజునాథ పళ్ళు బిగబట్టి మంటలు పోశాడు. ఏడూ యాభై ఏడుకు డ్రాగన్ ప్రాణం తెర మీద బెత్తెడు ఎర్ర గీతగా మిగిలింది. కోట తలుపు సందులోంచి ఏదో వెలుగు కూడా పడసాగింది. సుమ ముఖంలో అంతకంటే ఎక్కువ వెలుగు కనపడింది.

అంతలో అతిథిగారు గడియారం చూసుకున్నారు. ఆయనకు గుడిబండెలో ఇంకో సభ ఉంది. వెళ్ళేలోగా సన్మానం జరిగిపోవాలి. నేను సైగ చేశాను. కార్యదర్శిని కదా.

నాగేశ్ తలమీద మైసూరు పేటా, అదే జరీ తలపాగా, పెట్టారు. అది కొంచెం పెద్దదై కళ్ళదాకా దిగింది. మోహిత్ ఒళ్ళో పండ్ల బుట్ట పడింది. సుమకు శాలువా కప్పి, దండ వేసి, అతిథిగారు ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని ఫొటోకు నిలబడ్డారు.

“చెయ్యి వదలండి సార్, చెయ్యి వదలండి!” అని సుమ అరిచింది.

“ఇట్ల చూడమ్మా, రోంత నవ్వు,” అన్నాడు ఫొటోగ్రాఫరు.

తెర మీద నాగేశ్ పడిపోయాడు. తర్వాత కవలలు, తర్వాత మంజునాథ. ఎనిమిదైంది. తెర నల్లబడింది. నేను మైకు అందుకుని వందనార్పణ చేశాను. మంటపం యజమానికీ, షామియానా వేసినవారికీ, విద్యుత్ శాఖవారికీ కృతజ్ఞతలు చెప్పాను. సుమ కుర్చీలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఫొటో చాలా బాగా వచ్చింది. ‘డ్రాగన్‌ను వధించి ఆనందబాష్పాలు రాలుస్తున్న యువతి’ అని మర్నాడు అచ్చయింది.

రెండు వారాల తర్వాత చిక్కబళ్ళాపురంలో సాహస మహిళల సభకు ఆమెను పిలిచారు. రానని ఒకటే మొండికేస్తే పెద్దనాయన బతిమాలి తీసుకొచ్చారు. సుమ మైకు ముందు నిలబడి, ఎవరి ముఖమూ చూడకుండా మాట్లాడింది.

“మేము దాన్ని చంపలేదు. ఇంగ రెండు దెబ్బలు పడుంటే చచ్చేది. మీరు నా చేతులు పట్టుకున్నారు. ఆ తలుపు యెనక ఏముండాదో నాకు ఇంగ ఎప్పటికీ తెలీదు. నాకు మీ మింద శానా కోపంగా ఉండాది.”

సభ ఒక్కసారిగా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఎంత వినయం అన్నారు కొందరు. గెలిచి కూడా గెలవలేదంటుంది చూడండి అని ఇంకొందరు కళ్ళు తుడుచుకున్నారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన నా మోచెయ్యి పట్టుకుని, “ఏమన్నదో నాకు సరిగ్గా ఇనపడలే గానీ అప్పా, శానా బాగా మాట్లాడింది,” అన్నాడు.

నాకు ప్రతి మాటా వినపడింది. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది నేనే.