సీసాకు పట్టిన చెమట

ఉదయం పదకొండింటికి హాస్టల్ వంటావిడ వస్తుంది. ఎండబెట్టిన టమాటా ముక్కలు ఆమెకు నచ్చితే ఏడాది పొడవునా హాస్టల్‌కు ఇక్కడి నుంచే వెళతాయి. "ఈ వయసులో ఈ ఆటలేమిటి" అన్న తోడికోడలి నోరూ మూతపడుతుంది. రిటైరైన సైన్సు టీచరు ఆ రోజుకు వేసుకున్న పథకం ఇంతే.

ముక్కలు పూర్తిగా ఆరాయో లేదో తేల్చుకోవడానికి ఆవిడ ముందురోజు సాయంత్రం కొన్నిటిని గాజు సీసాలో పోసి మూత బిగించింది. లోపల తడి మిగిలి ఉంటే తెల్లారేసరికి గాజుకు చెమట పడుతుంది. తెల్లారింది. చెమట పట్టింది.

"ఏమండీ! నిన్న వీటిని ఎండలోంచి ఎన్నింటికి తీశారు?"

భర్త పేపరు దించాడు. "నువ్వు చెప్పినట్టే, నాలుగింటికి."

"మూడింటికే తీసుంటారు. మీ సంగతి నాకు తెలీదా?"

"గడియారం చూసే తీశానే!"

"ఆ గడియారానికి కీ ఇచ్చేది మీరే కదా!"

భర్త మీద కోపం సరిపోక వడ్రంగికి ఫోన్ చేసింది. ముక్కలు ఆరబెట్టేందుకు మేడ మీద పెట్టిన అద్దం మూత ఎండపెట్టెను చేసింది అతనే. ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్నవాడు కూడా. "పెట్టెలో గాలే ఆడటం లేదు. ఏడో తరగతిలో ఎంత శ్రద్ధో, పనిలోనూ అంతే శ్రద్ధ!"

పది నిమిషాల్లో వడ్రంగి మేడ మీదున్నాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"నన్నేమన్నా పడతాను గానీ టీచర్, నా పనినంటే ఊరుకోను. నా పెట్టె నాకిచ్చేయండి!"

"పట్టుకుపో!"

అతను పెట్టెలో మిగిలిన ముక్కలన్నీ పళ్లెంలో గుమ్మరించి పెట్టె భుజానికెత్తాడు. మెట్ల దగ్గర అద్దం జారుతుంటే భర్త పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు.

"మీరు ముట్టుకోకండి!" అని అరిచింది టీచరు.

ఆయన ఉలిక్కిపడి వదిలేశాడు. అద్దం భళ్లున పగిలింది.

పదకొండు కాకముందే, సరిగ్గా అప్పుడే వంటావిడ వచ్చింది. గాజుపెంకులు తప్పించుకుంటూ పైకెక్కి, ముగ్గురి ముఖాలూ చూసింది. "ఏమైంది?"

"ముక్కలు ఆరలేదు," అంది టీచరు పళ్లు నూరుతూ.

"ఆరాయి!" అని మగవాళ్లిద్దరూ ఒక్కసారే అరిచారు.

వంటావిడ పళ్లెంలోంచి ఒక ముక్క తీసి వంచింది. ఫట్‌మని విరిగింది. విరిగిన చోట వేలితో నొక్కి చూసింది. తడి లేదు. తర్వాత సీసా ఎత్తి అడుగు చూపించింది.

"ఇక్కడ నీళ్లున్నాయి. తుడవకుండానే పోశారు. సీసా కడిగిందెవరు?"

భర్త వైపు లేచిన టీచరు వేలు సగంలో ఆగిపోయింది. ఆయన శుభ్రంగా కడగడని, వేడినీళ్లతో స్వయంగా కడిగింది తనే.

"ఆవిరి చల్లబడితే నీళ్లవుతుందని, గోడకుర్చీ వేయించి మరీ నేర్పారు నాకు," అన్నాడు వడ్రంగి. గొంతులో కోపం ఏమాత్రం తగ్గలేదు.

ఆవిడ వంగి ఒక గాజుపెంకు ఏరింది. "తప్పు నాదేరా," అంది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆ మాట ఆవిడ నోట ఎవరూ వినలేదు.

వడ్రంగి పెట్టె దించాడు. "అద్దం రేపు వేస్తాలెండి."

వంటావిడ ఇంకో ముక్క నోట్లో వేసుకుంది. "బాగున్నాయి. వచ్చే నెల నుంచి పంపండి. సీసాలు మాత్రం మీవారి చేత కడిగించండి."

పెళ్లయ్యాక దక్కిన తొలి గెలుపుకు భర్త మురిసిపోయాడు. నెలకు ఎన్ని సీసాలో వంటావిడ ఇంకా చెప్పలేదు.