అడుగు లేని గూళ్ళు

ఒక పెద్ద అడవిలో గూళ్ళు అల్లే కార్ఖానా ఉండేది. దాని యజమాని బొచ్చయ్య అనే ఎలుగుబంటి. గూళ్ళు అల్లేది గిజిగాళ్ళు, పడుకునేది ఆయన.

ఆ ఏడు వానలు సరిగ్గా పడక గడ్డికి కరువొచ్చింది. కార్ఖానా మూతపడుతుందేమోనని బొచ్చయ్యకి బెంగ పట్టుకుంది. పొరుగడవి నుంచి శిరసప్ప అనే తొండని పిలిపించాడు. వృథా ఎక్కడ దాక్కున్నా పట్టేస్తాడని అతనికి పేరు.

శిరసప్ప ఒక గూటిని తిరగేసి చూశాడు.

"గడ్డంతా అడుక్కే పోతోందండీ. గూడు కొనేవాళ్ళు ఎవరైనా అడుగు చూస్తారా?"

"చూడరు," ఒప్పుకున్నాడు బొచ్చయ్య.

"చూడనిదానికి గడ్డి దేనికండీ?"

గిజిగాళ్ళ మేస్త్రీ నారయ్య గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, గుడ్లుండేది ఆ అడుగులోనే కదండీ."

"అది కొన్నవాళ్ళ తలనొప్పి. మన పని తయారీ వరకే," అన్నాడు శిరసప్ప.

బొచ్చయ్యకి ఆ మాట ఎంత హాయిగా తోచిందంటే, వింటూనే మళ్ళీ నిద్రపోయాడు.

కొత్త గూళ్ళు తేలిగ్గా ఉన్నాయని, గాలి బాగా ఆడుతోందని పక్షులు ఎగబడ్డాయి. తరతరాలుగా కాకుల గూళ్ళలో గుడ్లు పెట్టిన కోకిల కూడా, "ఎన్నాళ్ళని పరాయి పంచన ఉంటాం" అనుకుని సొంత గూడు కొనుక్కుంది. గృహప్రవేశానికి బొచ్చయ్య శిరసప్పని వెంటబెట్టుకుని స్వయంగా వెళ్ళి, అలవాటు కొద్దీ ఆ గూటి కిందే వెల్లకిలా పడుకున్నాడు.

కోకిల గూటి అంచు పట్టుకుని గుడ్డు పెట్టింది. గుడ్డు సూటిగా వచ్చి బొచ్చయ్య పొట్ట మీద మెత్తగా పడింది. పగల్లేదు.

"కాకి గూట్లో ఏనాడూ ఇలా జరగలేదండీ," అని కోకిల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

బొచ్చయ్యకి తల కొట్టేసినట్టయింది. "అడుగులు మళ్ళీ అల్లించేస్తాను తల్లీ," అంటూ లేవబోయాడు.

"కదలకండి," అన్నాడు శిరసప్ప. పొట్ట మీదికెక్కి ఆ చివర నుంచి ఈ చివరికి నడిచి చూశాడు. "ఇంత మెత్తటి సరుకు ఇన్నాళ్ళూ ఊరికే పడి ఉంది. మీ కార్ఖానాలో దీన్ని మించిన వృథా నాకు కనబడలేదు."

ఆనాటి నుంచి గూళ్ళన్నీ బొచ్చయ్య పైనే వేలాడాయి. గుడ్లు పడుతూనే ఉన్నాయి. ఆయనకి ఒత్తిగిలడానికి లేదు, దురదేస్తే గోక్కోవడానికి లేదు.

"నేను యజమానిని కదయ్యా," అన్నాడొకనాడు మెల్లగా.

"అందుకేనండీ, జీతం ఇవ్వక్కర్లేకపోయింది," అన్నాడు శిరసప్ప.

పొదుపు చేయబోయిన బొచ్చయ్య అలా పొదగడంలో దిగబడ్డాడు. పిల్లలు పుట్టి, ఆయన్ని చూసి "అమ్మా" అని నోళ్ళు తెరిచాయి. ఉత్తమ పొదుపు కార్ఖానా అని అడవి సభవారు దండ తెచ్చారు. ఆయన మెడ ఎత్తలేకపోవడంతో దాన్ని శిరసప్పే వేయించుకున్నాడు.

కాబట్టి వృథాని వెతికేవాణ్ణి పిలిపించినవాళ్ళు, వాడొచ్చే వేళకి చేతిలో ఏదో ఒక పని పట్టుకుని నిలబడి ఉండాలి.